శ్రీకూర్మం స్వామిని ఏ గడిలో రాయాలి?

ఈ నెల పాఠం: వింత జంతువులు, కథల్లోని జీవులు
(4 నుంచి 7 తరగతుల పిల్లలు తల్లిదండ్రులతో కలిసి చదువుకోవడానికి)



కిందటి నెల నాలుగో తరగతిలో ఒక చిన్న కృత్యం చేయించాం. బోర్డు మీద రెండు గళ్లు గీసి ఒకదాని పైన "ఉన్నవి", రెండో దాని పైన "లేనివి" అని రాశాం. ఒక్కొక్కరు లేచి తమకు తెలిసిన వింత జంతువు పేరు చెప్పాలి. అది ఏ గడిలోకి వెళ్తుందో కూడా వాళ్లే చెప్పాలి. పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాం. పీరియడ్ మొత్తం పట్టింది.

డ్రాగన్ అందరి మాటా మీద "లేనివి"లోకి వెళ్లింది. యూనికార్న్ దగ్గర గొడవ మొదలైంది. బ్యాగుల మీద, పెన్సిల్ బాక్సుల మీద రోజూ కనిపిస్తుంది కాబట్టి అదీ గుర్రాల్లో ఒక రకమేనని కొందరి వాదన. ప్లాటిపస్ బొమ్మ చూపిస్తే మాత్రం "కంప్యూటర్లో అతికించారు టీచర్, బాతు ముక్కు తెచ్చి పెట్టీసారు" అని కొట్టిపారేశారు. గండభేరుండం లేదన్నారు. రెండు తలల పాము మాత్రం ఉందన్నారు. ఎలా తెలుసంటే, నాన్న ఫోన్లో వీడియో చూశామన్నారు.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "మరి శ్రీకూర్మం సామిని ఏ గడిలో రాయాల టీచర్?"

క్లాసంతా నా వైపు చూసింది. "ఉన్నవి" అంటే పక్కనున్న పిల్లవాడు వెంటనే "కొండని మోసిన తాబేలు ఎక్కడుంది?" అని అడుగుతాడు. "లేనివి" అంటే ఇంటికెళ్లి నానమ్మకు చెబుతారు. అంతలో బెల్లు కొట్టారు. నేను తప్పించుకున్నాను. కానీ ప్రశ్న తప్పుకోలేదు. ఈ నెల పాఠం దానికి జవాబు వెతికే ప్రయత్నమే. ఇలాంటి ప్రశ్న మీ ఇంట్లోనూ ఏదో ఒక రాత్రి అన్నం దగ్గర వస్తుంది.

నమ్మలేని నిజాలు

పిల్లలు ప్లాటిపస్‌ను నమ్మలేదంటే వాళ్ల తప్పేమీ లేదు. 1799లో ఇంగ్లండులో జార్జ్ షా అనే ప్రకృతి శాస్త్రవేత్త కూడా నమ్మలేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఎండిన చర్మాన్ని ఆయన పరిశీలించాడు. ఒంటినిండా బొచ్చు, బాతు ముక్కు, నీటికుక్కలాంటి పాదాలు. ఎవరో నేర్పుగా రెండు జంతువులను కలిపి కుట్టారేమోనని అనుమానించాడు. కుట్టు ఎక్కడా కనిపించలేదు. ఆ జంతువు నిజమైనదే. పిల్లలకు పాలిస్తుంది, అయినా గుడ్లు పెడుతుంది. గుడ్లు పెడుతుందన్న సంగతి ఖాయం కావడానికి 1884 దాకా పట్టింది. మగ ప్లాటిపస్ వెనక కాలికి విషపు ముల్లు కూడా ఉంటుంది.

ఇక్కడ పిల్లలు గమనించవలసింది జార్జ్ షా చేసిన పని. ఆయన అనుమానించాడు, అనుమానం ఉందని అట్ట అవతల పారేయలేదు. దగ్గరకు తీసుకుని పరీక్షించాడు. తన అనుమానాన్నీ రాశాడు, తాను చూసిందీ రాశాడు.

ఇంకొక ఉదాహరణ క్రాకెన్. నార్వే నావికులు తరతరాలుగా ఒక కథ చెప్పుకునేవారు. సముద్రం అడుగు నుంచి పొడవాటి చేతులతో పైకి వచ్చి ఓడనే లాగేసే రాక్షసి అది. కట్టుకథ అనుకున్నారు. 1857లో డెన్మార్క్ శాస్త్రవేత్త యాపెటస్ స్టీన్‌స్ట్రప్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన అవశేషాలను పరిశీలించి, అది పెద్ద స్క్విడ్ అని చెప్పి శాస్త్రీయ నామం పెట్టాడు. దాని కన్ను దాదాపు ఫుట్‌బాల్ అంత ఉంటుంది. సముద్రపు లోతుల్లో ప్రాణంతో ఉన్న ఈ స్క్విడ్‌ను మొదటిసారి ఫొటో తీయగలిగింది 2004లో, జపాన్ శాస్త్రవేత్తలు. అది ఓడలను ముంచదు. అంటే నావికులు చెప్పినదాంట్లో జంతువు నిజం, ఓడను ముంచడం కల్పన.

అంత దూరం వెళ్లకపోయినా, మన తూర్పు కనుమల అడవుల్లో అలుగు ఉంది. ఒళ్లంతా పొలుసులు, నోట్లో ఒక్క పన్నూ లేదు, పొడవాటి నాలుకతో చీమలను, చెదపురుగులను తింటుంది. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. చేపలా, పాములా కనిపించినా అది పిల్లలకు పాలిచ్చే జంతువే. ఎవరూ చూడకపోతే అలుగును కూడా మా పిల్లలు "లేనివి"లోనే రాసేవారు.

కథ వెనక దాగిన జంతువు

యూనికార్న్ ఉందన్న పిల్లలకు కూడా సగం మార్కులు ఇవ్వాలి. మధ్యయుగాల యూరప్‌లో "యూనికార్న్ కొమ్ము" అనే వస్తువు నిజంగానే ఉండేది. తెల్లగా, మెలితిరిగి, మనిషి కంటే పొడవుగా ఉండేది. విషానికి విరుగుడని రాజులు భారీ ధర పెట్టి కొనేవారు. 1638లో డెన్మార్క్ వైద్యుడు ఓలె వోర్మ్ దాని రహస్యం బయటపెట్టాడు. అది కొమ్ము కాదు, పన్ను. ఆర్కిటిక్ సముద్రంలో బతికే నార్వాల్ అనే తిమింగలానికి ఎడమవైపు పై పన్ను పెదవిని చీల్చుకుని పది అడుగుల దాకా పెరుగుతుంది. చేతిలో ఉన్న వస్తువు నిజం. దాని గురించి చెప్పిన కథ తప్పు. ఆ తప్పు కథతో ఎన్నో ఏళ్లు వ్యాపారం నడిచింది.

జలకన్య కథ కూడా ఇలాంటిదే. 1493 జనవరిలో కొలంబస్ కరీబియన్ ప్రాంతంలో మూడు జలకన్యలను చూశానని, బొమ్మల్లో వేసినంత అందంగా లేవని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆయన చూసినవి మనటీ అనే సముద్ర జంతువులై ఉంటాయని ఇప్పుడు శాస్త్రవేత్తల అభిప్రాయం. దాని బంధువు డ్యూగాంగ్ మన దేశంలోనే తమిళనాడు తీరంలో పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖ ప్రాంతాల్లో ఉంది. సముద్రపు గడ్డి మేస్తుంది కాబట్టి సముద్రపు ఆవు అంటారు.

ఈ కుటుంబంలో ఇంకొకటి ఉండేది. స్టెల్లర్ సముద్రపు ఆవు. రష్యాకు తూర్పున బేరింగ్ సముద్రంలో 1741లో గేయోర్గ్ స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దాన్ని చూసి వర్ణించాడు. ఏనుగంత పెద్దది, నెమ్మదిగా కదిలేది, ఎవరికీ హాని చేయనిది. మాంసం కోసం వేటగాళ్లు దాన్ని చంపుతూ పోయారు. 1768 నాటికి ఒక్కటీ మిగల్లేదు. ఇరవై ఏడేళ్లలో "ఉన్నవి" గడి నుంచి ఆ పేరు కొట్టేయాల్సి వచ్చింది. ఈ ఒక్క సంగతీ పిల్లలకు గుర్తుండేలా చెప్పండి. మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

రెండు తలల పాము: కథ ప్రాణం తీసినప్పుడు

మన గుళ్లలో చెక్కిన జీవులను చూస్తే మన పూర్వుల ఊహ ఎంత గొప్పదో తెలుస్తుంది. ఏనుగు తొండం, మొసలి నోరు ఉన్న మకరం గంగమ్మ వాహనం. సింహం ఒళ్లు, ఏనుగు తొండం కలిసిన యాళి మండప స్తంభాల మీద కనిపిస్తుంది. రెండు తలల పక్షి గండభేరుండం విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద ఉంది. ఇప్పటికీ కర్ణాటక రాష్ట్ర చిహ్నంలో ఉంది. ఇవి శిల్పి ఊహలని శిల్పికీ తెలుసు, చూసేవారికీ తెలుసు. అందుకే వీటి వల్ల ఏ జంతువుకూ నష్టం లేదు.

మా పిల్లలు వీడియోలో చూసిన "రెండు తలల పాము" విషయం వేరు. ఆ పేరుతో పిలిచే పాము నిజంగా ఉంది. దానికి తల ఒక్కటే. తోక మాత్రం సన్నబడకుండా మొద్దుగా, తలలాగే ఉంటుంది. శత్రువు వస్తే తలను చుట్టల కింద దాచి తోకను పైకి ఎత్తుతుంది. దెబ్బ తగిలినా తోకకే తగలాలని దాని ఉపాయం. విషం లేదు. పొలంలో ఎలుకలను తింటుంది, అంటే రైతుకు స్నేహితుడు. పుట్టుకలో లోపం వల్ల ఏ పాముకైనా చాలా అరుదుగా రెండు తలలు రావచ్చు, కానీ ఈ పాము అది కాదు.

ఇది ఇంట్లో ఉంటే డబ్బు కలిసొస్తుందని, ఇంత బరువుంటే ఇన్ని లక్షలని కొందరు ప్రచారం చేశారు. దాంతో ఆ పామును పట్టడం, సంచుల్లో దాచడం, అమ్మడం మొదలైంది. కొన్నవాడు డబ్బు పోగొట్టుకుంటాడు, అమ్మినవాడు కేసులో ఇరుక్కుంటాడు, పాము చచ్చిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం నేరం.

అలుగు పొలుసులు మందుకు పనికొస్తాయన్న నమ్మకం కూడా ఇలాంటిదే. ఆ పొలుసులు మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారవుతాయి. మన గోరు ఏ జబ్బు తగ్గిస్తుందో అదీ అదే తగ్గిస్తుంది. అయినా ప్రపంచంలో ఎక్కువగా దొంగరవాణా అయ్యే జంతువుల్లో అలుగు ముందు వరుసలో ఉంది.

పుట్టింటికొచ్చిన పక్షులు: కథ ప్రాణం పోసినప్పుడు

కథలన్నీ హాని చేస్తాయని పిల్లలు అనుకోకూడదు. అందుకే ఇప్పుడు టెక్కలి మండలం తేలినీలాపురం వెళ్దాం. ఏటా వర్షాలు తగ్గే రోజుల్లో ఈ ఊరి చెట్ల మీదికి పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వందలుగా వస్తాయి. గూళ్లు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకుని వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి. పక్షుల పెంట, చేపల వాసన, రోజంతా గోల. అయినా ఊరివాళ్లు విసుక్కోరు. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. రాళ్లు వేయనివ్వరు, వేటాడనివ్వరు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలోనూ నత్తగుల్ల కొంగలకు ఇదే ఆదరణ. ఆ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. దాంతోనే నత్తలను పట్టి గుల్ల నుంచి మాంసం లాగి తింటుంది.

పక్షి ఎవరికీ ఆడబిడ్డ కాదని ఆ ఊరివాళ్లకు తెలియదా? తెలుసు. అది వాళ్లు పక్షిని చూసే తీరు. దాని వల్ల పక్షులు బతుకుతున్నాయి.

అయితే ఇదే పక్షుల గురించి మనందరం చెప్పుకునే ఇంకో మాట ఉంది. "సైబీరియా నుంచి వస్తాయి" అని. మనలో చాలామంది చిన్నప్పుడు చదువుకున్నదీ, బోర్డుల మీద చూసిందీ అదే. నేనూ క్లాసులో చాలాసార్లు అలాగే చెప్పాను. కానీ ఇక్కడ గూళ్లు కట్టే మచ్చల ముక్కు పెలికాన్, ఎర్రకాళ్ల కొంగ రెండూ భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియాలో అవి బతకవు. నీళ్లు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి మన ప్రాంతంలోనే దూరదూరాలు తిరుగుతాయి. సైబీరియా నుంచి భారతదేశానికి వచ్చే పక్షులు వేరే ఉన్నాయి, కొన్ని రకాల బాతుల్లాంటివి.

ఇది తెలిస్తే తేలినీలాపురం గొప్ప తగ్గుతుందా? నా దృష్టిలో పెరుగుతుంది. అవి ఎక్కడినుంచో వచ్చిన విదేశీ అతిథులు కావు, మన పక్షులు. మన చెరువులు ఎండితే, మన చింతచెట్లు కొట్టేస్తే వాటికి వెళ్లడానికి సైబీరియా లేదు.

ఆదికూర్మం, మన తీరపు తాబేలు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. శ్రీకాకుళం పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, గార మండలంలో శ్రీకూర్మం ఉంది. విష్ణుమూర్తి కూర్మ రూపంలో పూజలందుకునే ఆలయం దేశంలో చాలా అరుదు. ఇక్కడ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలున్నాయి. ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచే ఏర్పాటు కూడా ఉంది. పిల్లలకు గుడి కంటే ముందు అవే గుర్తుంటాయి.

క్షీరసాగర మథనం కథ మీ అందరికీ తెలిసిందే. మందర పర్వతం కవ్వం, వాసుకి తాడు. కొండ మునిగిపోతుంటే స్వామి తాబేలై వీపు మీద మోశాడు. విశేషమేమిటంటే ఇలా బరువు మోసే తాబేలు మన దగ్గరే లేదు. చైనా పురాణంలో నూవా అనే దేవత పెద్ద తాబేలు కాళ్లతో కూలిపోతున్న ఆకాశానికి స్తంభాలు నిలబెట్టింది. ఉత్తర అమెరికాలో ఇరొక్వా, లెనాపె మొదలైన ఆదివాసీ జాతులు తమ నేల తాబేలు వీపు మీద నిలిచిందని చెప్పుకుంటాయి. ఆ ఖండాన్ని తాబేలు దీవి అని పిలుచుకుంటాయి.

ఒకరి కథ ఒకరికి తెలియని కాలంలో అందరికీ తాబేలే ఎందుకు తట్టింది? అందరూ అదే జంతువును శ్రద్ధగా చూశారు కాబట్టి అని నాకనిపిస్తుంది. దాని వీపు గుమ్మటంలా గట్టిగా ఉంటుంది. ఆ డిప్ప తాబేలు తొడుక్కున్న చొక్కా కాదు. దాని వెన్నెముక, పక్కటెముకలే వెడల్పై అతుక్కుని డిప్ప అయ్యాయి. కార్టూన్లలో చూపినట్టు తాబేలు డిప్పలోంచి బయటికి రాలేదు. ఆయుష్షు కూడా ఎక్కువ. సెయింట్ హెలీనా దీవిలోని జొనాథన్ అనే తాబేలు సుమారు 1832లో పుట్టిందని అంచనా. తొందరపడదు, బరువు మోస్తుంది, చాలాకాలం ఉంటుంది. లోకాన్ని మోయడానికి ఇంతకంటే తగిన జంతువు ఎవరికి దొరుకుతుంది?

శ్రీకూర్మం నుంచి కొద్ది దూరంలోనే సముద్రం. అక్కడ ఇంకో తాబేలు ఉంది. ఆలివ్ రిడ్లే. నక్షత్ర తాబేలు నేల మీది జంతువు, కాళ్లుంటాయి, భయమేస్తే తల లోపలికి లాక్కుంటుంది. ఆలివ్ రిడ్లేకి కాళ్ల బదులు తెడ్లు ఉంటాయి, తల లోపలికి పోదు. బతుకంతా సముద్రంలోనే. ఆడ తాబేలు మాత్రం గుడ్లు పెట్టడానికి చలికాలం రాత్రుల్లో ఒడ్డుకు వస్తుంది. ఇసుకలో గుంట తీసి దాదాపు వంద గుడ్లు పెట్టి, కప్పి, తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. మనకు ఉత్తరాన, ఒడిశాలోని రుషికుల్య తీరంలో కొన్ని సంవత్సరాల్లో ఇవి లక్షల సంఖ్యలో ఒకేసారి వస్తాయి. మన కళింగపట్నం, బారువ, భావనపాడు తీరాల్లో అంత గుంపులుగా కాకుండా విడివిడిగా వస్తాయి.

45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువ మగపిల్లలు పుడతాయి. తల్లి లేదు, దారి చెప్పేవాళ్లు లేరు. ఎటు ఎక్కువ వెలుగుంటే అటు పాకుతాయి, ఎందుకంటే చీకటి తీరంలో సముద్రమే అన్నిటికంటే వెలుగుగా కనిపిస్తుంది. మనం ఒడ్డున పెద్ద లైట్లు పెడితే పాపం సముద్రానికి ఎదురు దిక్కుకు వెళ్లిపోతాయి. వెయ్యి పిల్లల్లో ఒకటో రెండో పెద్దవవుతాయని అంచనా.

పెద్దయినవి ఎంత దూరం తిరుగుతాయో చూడండి. 2021లో ఒడిశాలోని గహిర్‌మాతలో ట్యాగ్ వేసిన ఒక ఆలివ్ రిడ్లే, 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. దేశం చుట్టూ తిరిగి దాదాపు 3,500 కిలోమీటర్లు! దారిలో మన శ్రీకాకుళం తీరం దాటే ఉంటుంది.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో నడిచేవాళ్లకు చనిపోయిన తాబేళ్లు కనిపిస్తాయి. తాబేలు చేప కాదు. ఊపిరి పీల్చుకోవడానికి నీటి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కి గంటల తరబడి లోపలే ఉండిపోతే ఊపిరాడక చనిపోతుంది. వలలో చేపలు మిగిలి తాబేలు మాత్రం బయటపడే పరికరం ఉంది. దాన్ని టెడ్ అంటారు. వాడకం అన్ని బోట్లలోకీ చేరాలి. అలాగని నింద అంతా మత్స్యకారుల మీద వేయడం న్యాయం కాదు. తాబేలును దేవుడిగా చూసి, వలలో పడితే దండం పెట్టి వదిలేసే కుటుంబాలు మన తీరంలో ఉన్నాయి. గుడ్లను కుక్కలు, నక్కలు తినకుండా హేచరీల్లోకి చేర్చి, పిల్లలను సముద్రంలోకి వదిలే పనిలో అటవీ శాఖతో పాటు ఆ ఊళ్ల యువకులే ఉన్నారు.

మరి జవాబు?

మేం మళ్లీ అదే క్లాసులో బోర్డు తుడిచి, ఈసారి మూడు గళ్లు గీశాం. "బతికి ఉన్నవి", "కథలోవి, నమ్మకంలోవి", "జంతువు గురించి తప్పుగా చెప్పుకునేవి".

ప్లాటిపస్, అలుగు, నార్వాల్ మొదటి గడిలోకి వెళ్లాయి. గండభేరుండం, మకరం, క్రాకెన్, యూనికార్న్ రెండో గడిలోకి. "రెండు తలల పాము ఇంట్లో ఉంటే లక్షలొస్తాయి", "కొంగలు సైబీరియా నుంచి వస్తాయి", "అలుగు పొలుసు మందు" అన్నవి మూడో గడిలోకి. రెండో గడిలోవి చదివి ఆనందించాలి, అర్థం చేసుకోవాలి, ఎదుటివారి నమ్మకమైతే గౌరవించాలి. మూడో గడిలోవి మాత్రం పరీక్షించాలి. ఎవరు చెప్పినా సరే, టీచర్ చెప్పినా సరే.

శ్రీకూర్మం స్వామిని రెండో గడిలో రాశాం. అది "లేనివి" గడి కాదు కాబట్టి ఎవరికీ బాధ కలగలేదు. ప్రశ్న అడిగిన పిల్లవాడు కాసేపు ఆలోచించి, "గుళ్లో తాబేళ్లు, బీచ్‌లో తాబేళ్లు ఫస్టు గడిలో రాయాల కదా టీచర్" అన్నాడు. రాశాం. పక్కనే చిన్న అక్షరాలతో స్టెల్లర్ సముద్రపు ఆవు పేరు రాసి కొట్టేశాం. మొదటి గడిలో ఉన్న పేరు అక్కడే ఉండిపోతుందన్న నమ్మకం లేదని పిల్లలకు అప్పుడు అర్థమైంది. స్వామి కథను ఎవరూ చెరపలేరు. తాబేలును మాత్రం చెరపగలం.

ఇంట్లో మీరు చేయగలిగినవి

1. వీడియోకు నాలుగు ప్రశ్నలు. వింత జంతువు వీడియో ఫోన్లో వస్తే ఫార్వర్డ్ చేసే ముందు పిల్లలతో కలిసి అడగండి: ఎక్కడ తీశారు? ఎప్పుడు తీశారు? జంతువు పేరు ఏమిటి? ఇది నమ్మితే ఎవరికి డబ్బు? ఈ రోజుల్లో కంప్యూటరే తయారుచేసిన వీడియోలు ఎక్కువ కాబట్టి మొదటి రెండింటికి జవాబు లేకపోతే అక్కడే ఆపండి.

2. నానమ్మ, అమ్మమ్మల దగ్గర ఒక కథ. మీ ఊళ్లో చెప్పుకునే వింత జీవి కథ ఒకటి అడిగి పిల్లల చేత రాయించండి. అబద్ధమని మధ్యలో ఆపకండి. కథ పూర్తయ్యాక, "దీని వెనక ఏ నిజమైన జంతువు ఉండి ఉంటుంది?" అని అడగండి.

3. తప్పు ఒప్పుకోవడం. "ఇన్నాళ్లూ నేనూ సైబీరియా అనే అనుకున్నాను" అని మీరు ఒక్కసారి అంటే చాలు. తెలియనిది ఒప్పుకోవడం చిన్నతనం కాదని పిల్లలు నేర్చుకుంటారు.

4. నక్షత్ర తాబేలు కొనకండి. అదృష్టమని చెప్పి ఎవరు అమ్మినా కొనవద్దు, బహుమతిగా కూడా తీసుకోవద్దు. ఇంట్లో పెంచడం చట్టవిరుద్ధం. 2019 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం కూడా పూర్తిగా నిషేధం. పిల్లలు చూడాలంటే శ్రీకూర్మం తీసుకువెళ్లండి.

5. బీచ్‌కు వెళ్తే. తాబేలు గుడ్లు పెడుతూ కనిపిస్తే దూరంగా, నిశ్శబ్దంగా నిలబడండి. టార్చ్, ఫ్లాష్ వద్దు. సెల్ఫీ కోసం ఎత్తవద్దు. పిల్ల తాబేళ్లను చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వేయవద్దు, వాటిని పాకనివ్వండి. దారి తప్పినవి, దెబ్బ తగిలినవి కనిపిస్తే దగ్గరలోని అటవీ శాఖ సిబ్బందికి చెప్పండి.

పిల్లలకు ప్రశ్నలు

అ) ప్లాటిపస్‌ను నమ్మని శాస్త్రవేత్త తర్వాత ఏం చేశాడు? నువ్వైతే ఏం చేసేవాడివి, ఏం చేసేదానివి?
ఆ) తేలినీలాపురం ప్రజల కథకూ, రెండు తలల పాము కథకూ తేడా ఏమిటి?
ఇ) తాబేలు తన డిప్పలోంచి ఎందుకు బయటికి రాలేదు?
ఈ) స్టెల్లర్ సముద్రపు ఆవు గురించి నీ తమ్ముడికి లేదా చెల్లికి మూడు వాక్యాల్లో చెప్పు.
ఉ) మీ ఇంట్లో మూడో గడిలో రాయదగిన మాట ఒకటి వెతుకు. అది తప్పని ఎలా తేల్చావో రాయి.

చార్టు మీద మూడు గళ్ల పట్టిక గీసి, ఒక్కో గడిలో కనీసం మూడేసి పేర్లు రాసి, నెలాఖరులోగా పిల్లలతో సైన్స్ టీచర్‌కు పంపండి. అన్నిటినీ డిస్‌ప్లే బోర్డు మీద పెడతాం. ఏ పేరు ఏ గడిలోకి రావాలో ఇంట్లో తేలకపోతే, ఖాళీగా వదిలి పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపండి. వాటి మీద క్లాసులో అందరం కలిసి మాట్లాడుకుంటాం.